కోడలు కొట్టిన కుండ

మన పత్రికల్లో కుటుంబం ఎప్పుడూ కేసుగానే కనిపిస్తుంది. వరకట్నం, హింస, చాకిరీ, భరణం, ఆస్తిహక్కు - ఈ శీర్షికల కిందే మనం దాని గురించి రాస్తూ వచ్చాం. రాయవలసే రాశాం. అయితే ఏ మహిళా సంఘం సమావేశానికైనా వెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళ కార్యకర్తల మధ్య కూర్చుని వినండి. రాత్రి పాలు తోడుపెట్టడం మరిచిపోయి పొద్దున్నే కవ్వం పట్టుకున్న సంగతి, చుట్టాలొచ్చిన రోజున అత్తా కోడలూ ఎవరికి వారు సాంబారులో ఉప్పు వేసిన సంగతి, రెండేళ్ల మనవడు తాళంచెవులు బియ్యం డబ్బాలో దాచేస్తే ఇంటికి తాళం వెయ్యలేక ఊరికి వెళ్లే బస్సు తప్పిపోయిన సంగతి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటారు. తర్వాత ఎవరో గడియారం చూసి "ఇక అసలు పనిలోకి వద్దాం" అంటారు. ఆ రోజు నివేదికలో ఆ గంట 'భోజన విరామం' అన్న రెండు మాటలతో ముగిసిపోతుంది.

ఆ గంటలో జరిగింది కూడా అసలు పనేనని నా అభిప్రాయం. ఇంట్లో జరిగే చిన్న చిన్న పొరపాట్లు, వాటి మీద పుట్టే నవ్వులు, ఇంటి పనుల మధ్య దొరికే చిన్న సంతోషాలు స్త్రీల హక్కుల చర్చకు బయట ఉండే విషయాలు కావు. ఒక ఇంట్లో ఆడవాళ్లకు ఎంత స్వేచ్ఛ ఉందో తెలుసుకోవాలంటే ఆ ఇంట్లో పాలు పొంగిపోయినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే చాలు.

మనం ఈ విషయానికి దూరంగా ఉండిపోవడానికి బలమైన కారణమే ఉంది. 1980లలో 'స్టవ్ పేలి గృహిణి మృతి' అన్న వార్తల కింద ఎంతమంది కోడళ్లు కాలిపోయారో మనకు తెలుసు. 'ప్రమాదం', 'పొరపాటు' అన్న మాటల వెనక హత్యలు దాగి ఉన్నాయని మహిళా ఉద్యమం వీధికెక్కి చెప్పవలసి వచ్చింది. 1983లో శిక్షాస్మృతిలోకి 498-ఎ సెక్షను, 1986లో వరకట్న మరణానికి సంబంధించిన 304-బి సెక్షను వచ్చాయి. 2024 జూలై 1 నుంచి ఇవే భారతీయ న్యాయ సంహితలో 85, 86, 80 సెక్షన్లు అయ్యాయి. వంటింటి ప్రమాదం అనగానే అనుమానించడం మనం అలా నేర్చుకున్నాం. ఆ అనుమానం ఇవాళ్టికీ అవసరమే. కాని మనకు అనుమానం ఒక్కటే మిగిలితే, ఇంటి గురించి నవ్వుతూ మాట్లాడే హక్కును సినిమాలకూ సీరియళ్లకూ కుక్కర్ల ప్రకటనలకూ ధారపోసినట్లవుతుంది. వాళ్లు ఆ హక్కును ఎలా వాడుకుంటున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఈ విషయాన్ని మన సామెత ఒకటి ఎప్పుడో తేల్చేసింది. 'అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.' పగిలింది కుండే. చెయ్యి జారడమూ ఒకలాంటిదే. కాని చెయ్యి జారిన మనిషికి ఇంట్లో ఉన్న స్థానాన్ని బట్టి కుండ వయసు మారిపోతుంది. సమాజశాస్త్రంలో అధికార సంబంధాల గురించి మేము పేజీలకు పేజీలు రాసేది ఇదే. అయితే ఈ సామెత మామగారి చేతిలోనో, కొడుకు చేతిలోనో పగిలిన కుండ గురించి ఏమీ చెప్పదు. వాళ్లు కుండల దగ్గరికి రారు గనుక ఆ అవసరం పడలేదేమో. ఇప్పుడు అప్పుడప్పుడూ వస్తున్నారు కాబట్టి మూడో ముక్క కూడా కలుపుకోవచ్చు: కొడుకు కొట్టిన కుండ కథలుగా చెప్పుకునే కుండ. అబ్బాయిగారు వేసిన మొదటి అట్టు ఇండియా మ్యాపులాగా వస్తే ఇంటిల్లిపాదీ మూగి ఫోటో తీస్తారు. అదే అట్టు కొత్తకోడలు వేస్తే "మీ అమ్మ నీకేం నేర్పలేదా?" అన్న ప్రశ్న వస్తుంది. మగవాడి పొరపాటు ఒక ముచ్చట. ఆడదాని పొరపాటు ఆమె పెంపకం మీద తీర్పు.

అందరికీ తెలిసిన ఒక ప్రమాదాన్నే తీసుకుందాం. పప్పు ఉడికేటప్పుడు నురగ కడుతుంది. అందుకే పప్పు వండేటప్పుడు కుక్కర్‌ని సగానికి మించి నింపవద్దంటారు. మించితే ఆ నురగ, పప్పు తొక్కు వెళ్లి ఆవిరి పోయే గొట్టానికి అడ్డం పడతాయి. విజిల్ రాదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది. సేఫ్టీ వాల్వులోని లోహం కరిగి, అక్కడి నుంచి పప్పు ఒక్క ఉదుటున పైకి చిమ్ముతుంది. ఎవరికీ ఏ దెబ్బా తగలకపోతే ఇది తర్వాత చెప్పుకుని నవ్వుకునే సంగతే. పైకప్పు మీద పసుపుపచ్చ మేఘం, కిటికీ ఊచల మీద కందిపప్పు, గోడకున్న దేవుడి క్యాలెండరు మీద టమాటా తొక్క. అలాంటప్పుడు నేను మూడు విషయాలు గమనిస్తాను. చప్పుడు వినగానే ఆమె ముందు కుక్కర్ వైపు చూసిందా, లోపలి గదిలోని మనిషి వైపు చూసిందా? స్టూలెక్కి ఆ పైకప్పు తుడిచింది ఎవరు? పదేళ్ల తర్వాత ఆ కథ చెబుతున్నది ఎవరు?

మొదటి ప్రశ్న భయానికి సంబంధించినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్నల వరుస ఉంటుంది. భార్యను భర్త కొట్టడం ఏయే సందర్భాల్లో సమంజసం అని అడుగుతారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు చెబితే, అత్తమామల్ని అగౌరవపరిస్తే - ఇలా ఏడు కారణాలు. అందులో ఒకటి, వంట సరిగ్గా చెయ్యకపోతే. 2019-21లో జరిగిన అయిదో సర్వేలో, ఈ ఏడింటిలో ఏదో ఒక కారణానికైనా కొట్టడం సమంజసమేనని చెప్పిన స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశం మొత్తం మీద ఈ సంఖ్య సుమారు 45 శాతం. డ్వాక్రా గ్రూపుల రాష్ట్రాలమని, పొదుపు సంఘాల ఉద్యమానికి పుట్టినిల్లని మనం చెప్పుకునే రెండు రాష్ట్రాల సంగతి ఇది.

ఈ అంకెలు చూసి ఆడవాళ్లే ఇలా ఉన్నారని ముక్కున వేలేసుకోవడం తేలిక. ఆ స్త్రీలు తమకు తెలిసిన ఇంటి చట్టాన్ని చెప్పారు. ఆ చట్టంలో కూర మాడడం నేరం. పాలు పొంగడం నేరం. ఉప్పు ఎక్కువైతే నేరం, తక్కువైతే అశ్రద్ధ. నేరమైన చోట నవ్వు పుట్టదు. ఒకే మాడిన కూర ఒక ఇంట్లో "ఇవాళ పచ్చడి మెతుకులే గతి" అని నవ్వుకునే సంగతి అవుతుంది, పక్కింట్లో కంచం గోడకు తగులుతుంది. తేడా కూరలో లేదు. మనం హక్కుల జాబితా రాసేటప్పుడు చదువు, ఆస్తి, వేతనం, భద్రత అని రాస్తాం. వాటి పక్కన పొరపాటు చేసే హక్కు కూడా రాయాలి. అడుగంటిన గిన్నె ముందు నిలబడి, భయం లేకుండా ఫక్కున నవ్వగలగడం సామాన్యమైన స్వేచ్ఛ కాదు.

రెండో ప్రశ్న తుడిచే చేతులది. నవ్వు అందరిదీ. గుడ్డ మాత్రం ఒకరి చేతిలోనే ఉంటుంది. 2024లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. అదీ ఆ పని చేసే పురుషుల లెక్క. రోజు మొత్తంలో అలాంటి పని కాస్తయినా చేసినవారు మగవాళ్లలో నూటికి 27 మంది. 2019 సర్వేలో ఈ నిమిషాలు స్త్రీలకు 299, పురుషులకు 97. అయిదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే, పురుషులు కూడా తమ పనిని తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. సమానత్వం అంటే ఇదేనని వాళ్లు అనుకున్నారు కాబోలు.

ఈ నిమిషాల్లోనే మన ముచ్చట్లన్నీ ఉన్నాయి. పండక్కి అరిసెలు వండడం అందరికీ తీపి జ్ఞాపకం. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే పళ్లకు పరీక్ష. నీళ్లలో వేసిన పాకపు చుక్క వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి, ఆ క్షణం దాటకుండా తడిపిండి పోసి కలపాలి. ఆ క్షణంలో వీధి తలుపు ఎవరో కొడతారు. లేదా పిల్లవాడు "అమ్మా, అయిపోయింది!" అని దొడ్లోంచి కేకవేస్తాడు. విరిగిన అరిసెల ముక్కలకు పేరుపెట్టి ఏటా నవ్వుకునే ఇళ్లున్నాయి. ఆ కేకకు ఇంట్లో ఉన్న ఇంకో పెద్దమనిషి ఎందుకు లేవలేదని అడిగిన ఇళ్లు తక్కువ. మన ఇంటి ప్రమాదాల్లో సగం ఒక మనిషి మూడు పనులు ఒకేసారి చెయ్యడం వల్ల జరుగుతున్నాయి. దానికి మనం పెట్టిన పేరు 'పరధ్యానం'.

తుడిచే చేతుల గురించి మాట్లాడినప్పుడు ఇంకొక మాట కూడా అనుకోవాలి. మధ్యతరగతి ఇళ్లలో ఆ చేతులు తరచుగా జీతానికి వచ్చినవి. ఇంటావిడ చేతిలో గాజుగిన్నె పగిలితే "దిష్టి పోయింది" అంటారు. పనిచేసే ఆమె చేతిలో పగిలితే నెల జీతం లెక్క మారుతుంది, లేదా మర్నాడు పొద్దున్న ఆ గిన్నె ఖరీదు గురించి గట్టిగా వినిపించేలా మాట్లాడుకుంటారు. ఆమె కొట్టిన కుండ కొత్త కుండ మాత్రమే కాదు, పెళ్లికి పుట్టింటివారు పెట్టిన కుండ కూడా అవుతుంది. సామెతలో కోడలి స్థానంలో ఇవాళ ఎవరున్నారో, అత్త స్థానంలో మనలో ఎవరున్నారో చూసుకోకుండా ఇంటి హాస్యం గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది. ఆమెకూ ఒక ఇల్లు ఉంది. అక్కడా పాలు పొంగుతాయి. మన ఇంట్లో అంట్లు తోమడానికి పరుగెత్తుకొచ్చినందుకే పొంగుతాయి.

మూడో ప్రశ్న, కథ ఎవరు చెబుతున్నారు? తెలుగులో సంసారపు హాస్యానికి మంచి సంప్రదాయమే ఉంది. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం మాటకారి. మొగుడితో వాదంలో చాలాసార్లు గెలుపు ఆమెదే. అయినా చెప్పేది భర్త. ఆమె తెలివి మనకు ఆయన మురిపెం గుండానే అందుతుంది. భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలు'లో చెప్పేది కోడలు. మడీ ఆచారం, ఆవకాయ జాడీలు, అత్తగారి పట్టుదలలు - అంతా ఆడవాళ్ల రాజ్యమే. ఆ నవ్వులో చురక ఉంది, దాని పక్కనే ఆపేక్షా ఉంది. రంగనాయకమ్మగారి 'స్వీట్‌హోమ్'కి వచ్చేసరికి బరువు అటునుంచి ఇటు మారింది. విమల వాదిస్తుంది, బుచ్చిబాబు దొరికిపోతాడు. ఇంటి యజమాని అన్న పదవే అక్కడ హాస్య వస్తువు. వంటింటి కబుర్లు పాఠకుల్ని నవ్విస్తూనే రాజకీయం మాట్లాడగలవని ఆ నవల చూపించింది. ఇంకోవైపు 1986లో వచ్చిన జంధ్యాలగారి 'చంటబ్బాయి'లో శ్రీలక్ష్మి పాత్ర గుర్తుందా? కవిత్వం రాయాలన్న కోరికతో పత్రికా సంపాదకుణ్ణి వేధించే స్త్రీ. ఆ నటి సమయస్ఫూర్తికి మనమందరం పడిపడి నవ్వాం, ఇప్పుడూ నవ్వుతాం. కాని రాయాలన్న కోరిక ఒక ఇల్లాలికి కలగడమే నవ్వులాట ఎందుకయిందన్న ప్రశ్న ఆ నవ్వు ఆగాక కూడా మిగిలి ఉంటుంది.

ఎవరి మీద నవ్వు అన్నది మన పాటల్లోని ఆడవాళ్లకు బాగా తెలిసిన ప్రశ్న. 'లక్ష్మణదేవర నవ్వు' అన్న స్త్రీల పాట ఉంది. నిండుసభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. పద్నాలుగేళ్లు దూరంగా ఉంచిన నిద్రాదేవి సరిగ్గా అప్పుడే వచ్చిందని ఆయన నవ్వు. కాని సభలో ప్రతివారూ తమను చూసే నవ్వాడని ఉలిక్కిపడతారు. ఎవరి గుట్టు వారికి తెలుసు కదా. వెల్చేరు నారాయణరావుగారు తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ పాటలను వివరంగా చర్చించారు. దేవుళ్ల సభనే అనుమానంలో పడేసిన ఒక్క నవ్వును పాటకట్టుకున్న ఆడవాళ్లకు హాస్యం తెలియదని ఎవరనగలరు?

అయినా అంటూనే ఉన్నారు. ఫెమినిస్టులకు నవ్వడం రాదన్నది పాత నింద. భార్యల మీద జోకులు వాట్సప్‌లో తెల్లారకముందే వస్తాయి. వంట మీద, లావు మీద, పుట్టింటి మీద, వాగుడు మీద. నొచ్చుకుంటే "జోకు కూడా అర్థం కాదా?" అంటారు. ఇక్కడ మనకు చట్టమే ఒక గీత గీసి ఇచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం (2005) మూడో సెక్షనులో మాటల ద్వారా, మానసికంగా పెట్టే హింసను వివరిస్తూ అవమానాలు, ఎగతాళి, పేర్లు పెట్టి పిలవడం అన్నిటినీ చేర్చింది. రక్షణాధికారి నింపే గృహసంఘటన నివేదిక ఫారంలో కూడా ఎగతాళి ఒక అంశం. నవ్వుకూ ఎగతాళికీ తేడా ఏమిటని అడిగేవారికి జవాబు సులభమే. ఆమె కూడా తిరిగి ఆయన మీద అంతే తేలిగ్గా, నలుగురి ముందూ జోకు వెయ్యగలిగితే అది నవ్వు. వెయ్యలేకపోతే అది ఎగతాళి.

ఇంతా చెప్పాక చిన్న సంతోషాల మాట వదిలేస్తే అన్యాయమవుతుంది. ఆవకాయ కలిపిన రోజు జాడీలోకి ఎత్తగా పళ్లేనికి అంటుకుని మిగిలిన కారంలో, నూనెలో వేడివేడి అన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టడం మన ఇళ్లలో ఒక పండగ. కళ్లంట నీళ్లు కారుతూ తింటారు, ఇంకో ముద్దకు చెయ్యి చాస్తారు. మధ్యాహ్నం ఇల్లంతా ఖాళీ అయ్యాక వీధి గుమ్మంలో కూర్చుని తాగే గ్లాసెడు టీ, చింతపండు గింజలు తీస్తూ పక్కింటామెతో ఊరంతా చుట్టి వచ్చే కబుర్లు, కరెంటు పోయిన రాత్రి డాబా మీద పిల్లలకు చెప్పే దొంగ దయ్యాల కథలు. పితృస్వామ్యాన్ని విశ్లేషించడం నేర్చుకున్నంత మాత్రాన వీటి రుచి పోవాల్సిన పని లేదు. స్త్రీలు కుటుంబాల్లో ఉండిపోవడానికి భయం, ఆధారం లేకపోవడం మాత్రమే కారణాలు కావు. ఈ ముద్దలూ కారణమే. ఈ సంగతి ఒప్పుకోని విశ్లేషణ ఆ స్త్రీలకే అర్థం కాదు. అయితే ఒక చిన్న ప్రశ్న: ఆవకాయ ముద్దల్లో ఆఖరి ముద్ద ఎవరిది? కలిపిన ఆమెకు పళ్లెం తుడుచుకోవడమే మిగిలితే, వచ్చే వేసవికి ముద్దల వరుస కాస్త మార్చుకోవాలి. ఆమె నోట్లో మొదటి ముద్ద పెట్టడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

మనలాంటి కార్యకర్తలకు దీనివల్ల ఆచరణలో వచ్చే పని ఏమిటి? రెండు చెబుతాను. ఒకటి, నవ్వే స్త్రీని నమ్మడం. కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చిన ఆమె ఏడవకపోతే, పిల్ల పుట్టినరోజు ఫోటోలో నవ్వుతూ కనిపిస్తే, "మరి బాగానే ఉన్నట్టున్నారు కదా" అన్న ప్రశ్న వస్తుంది. అవతలి పక్షం అదే ఫోటోను సాక్ష్యంగా పట్టుకొస్తుంది. దెబ్బలు తిన్న ఇంట్లో కూడా పుట్టినరోజులు జరుగుతాయి, కేకు మీది క్రీము పిల్లల ముక్కులకు అంటుకుంటుంది, తల్లి నవ్వుతుంది. ఆ నవ్వు హింస జరగలేదనడానికి రుజువు కాదు. ఆ ఇంట్లో ఆమె పెంచుకున్న జీవితం ఎంత ఉందో, దాన్ని వదులుకోమనడం ఎంత కష్టమో మనకు తెలియజెప్పే ఆనవాలు అది. బాధితురాలు ఎప్పుడూ ఏడుస్తూనే ఉండాలన్న నియమాన్ని ముందు మనమే రద్దు చెయ్యాలి.

రెండోది, అడిగే ప్రశ్న మార్చడం. "మీ ఆయన కొడతాడా?" అని కొత్తగా వచ్చిన మనిషిని అడిగితే చాలామంది "లేదమ్మా" అంటారు. అది పరువు మాట. దానికి ముందు "మీ ఇంట్లో పాలు పొంగిపోతే ఏమవుతుంది?" అని అడిగి చూడండి. ఆమె నవ్వి "ఏముందమ్మా, ఆ పూట టీ ఉండదు" అంటే ఒక రకం ఇల్లు. "ఆయన చూసేలోపల తుడిచేస్తాను" అంటే ఇంకో రకం ఇల్లు. రెండో జవాబు దగ్గర ఆగి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, నెమ్మదిగా వినాలి. ఆ తర్వాత చెప్పవలసినవన్నీ ఆమే చెబుతుంది. ఫారంలో ఈ ప్రశ్నకు గడి ఉండదు. పక్కన ఖాళీలో రాసుకుందాం.